పదకొండు తక్కాళి మొక్కలు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చో తల్లీ. దూరంగా ఉన్నవాళ్లకు గట్టిగా చెప్పే మాట కాదిది. నేను చేసిన తప్పు గురించి.

మా మనవరాలు మోహనప్రియ మొక్కల జబ్బుల చదువు చదువుతోంది. పోయిన ఏడాది కంబైనల్లూరు దగ్గర మా చేలోనే తక్కాళి, అదే టమాటా, నాటి పరిశోధన మొదలుపెట్టింది. పచ్చగా ఉన్న మొక్క రెండు రోజుల్లో తల వాల్చి చచ్చిపోతుందే, ఆ ఎండు తెగులు మీద. అలాంటి కాడను కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టింది. కోసిన చోటు నుంచి తెల్లటి పొగలాంటి దారం నీళ్లలోకి దిగింది.

"అదే అవ్వా జబ్బు. నేలలోనే ఉంటుంది" అంది.

అరవై ఏళ్లు ఆ నేల తొక్కాను. ఆ దారాన్ని ఎన్నడూ చూడలేదు.

మొత్తం ఎనిమిది వరుసలు. నాలుగింటికి వేళ్ల దగ్గర ఏదో మందు పొడి వేసి, గుర్తుకు ఎర్ర గుడ్డ కట్టింది. "గుడ్డ లేని వరుసల జోలికి పోవద్దవ్వా. చచ్చినా చావనీ" అని చెప్పి వెళ్లింది. ప్రతి శనివారం వచ్చి చచ్చినవి లెక్కపెట్టుకునేది.

గుడ్డ లేనివాటిని నేను ముట్టలేదు. గుడ్డ ఉన్నవాటి గురించి ఆమె ఏమీ చెప్పలేదు కదా! వరుసలో గుంత ఖాళీగా కనపడితే ఆ ఇంటి ఆడవాళ్లకు చేతులు లేవా అంటారని మా అత్త నేర్పింది. చేను చివర మిగులు మొక్కలుంటే మట్టిపెళ్లతో సహా తెచ్చి, గుడ్డ కట్టిన వరుసల్లో చచ్చినవాటి చోట నాటి, చెంబెడు నీళ్లు పోసేదాన్ని.

ఐదో శనివారం మోహన గంతులేస్తూ వచ్చింది.

"అవ్వా! పొడి వేసిన వరుసల్లో ఒక్కటీ చావలేదు! సోమవారం మా సారు వస్తారు. ఆయన ఒప్పుకుంటే వత్తల్‌మలై కొండ మీది రైతులకు కూడా ఈ పొడి ఇస్తాము."

ఆ కొండ మీద మా చెల్లెలు చిక్కమ్మకు ఉన్నదంతా టమాటా తోటే.

మా ఇంటాయన చెవిలో వేస్తే, "ఊరకుండవే. బిడ్డ నవ్వుతా ఉంది, చూడు" అన్నాడు.

"ఈ పొద్దు నవ్వేది ఈమె. రేపు ఏడ్చేది చిక్కమ్మ" అని లేచాను.

"పాపా, పదకొండు చచ్చినాయి. నేనే మార్చి నాటినాను."

మోహన గట్టు మీద కూలబడింది. "చేతులు కట్టుకోని ఉండలేవా అవ్వా?"

"పుట్టి బుద్ధెరిగినాక ఎప్పుడు కట్టుకోని ఉంటి?"

పదకొండు గుంతలూ చూపించాను. ఏ వరుస, ఏ రోజు, అంతా. రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపేసింది. "నీ జ్ఞాపకం నిజమే అవ్వా. అయితే లెక్క నా కండ్లు చూసింది కావల్ల."

సోమవారం సారుతో తనే చెప్పింది, అవ్వకు సరిగ్గా చెప్పని తప్పు తనదని. మళ్లీ మొదటి నుంచి నాటమన్నాడాయన. మళ్లీ నాటే కాలం వచ్చేసరికి ఆరు నెలలు మట్టిలో కలిశాయి.

ఇప్పుడు మళ్లీ ఎనిమిది వరుసలు. నేను గట్టు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. మొక్క తల వాలుస్తుంటే నా చేతివేళ్లు దురద పెడతాయి, అయినా లేవను. ఎర్ర గుడ్డ వరుసల్లోనూ చస్తున్నాయి. పొడి పనిచేసిందా అంటే, ఇంకా చెప్పలేనంటుంది మోహన.

ఇది గుర్తుపెట్టుకుని నీ పిల్లలకు చెప్పు తల్లీ. చెప్పేటప్పుడు పదకొండు అనే చెప్పు. నా మీద ప్రేమతో పది చేయకు.