ముందు కోసిన కాజాలు

కాజా కుట్టడంలో నారాయణఖేడ్‌లో నన్ను మించినవాళ్లు లేరు. ఇది నా గొప్ప కాదు, ఊరంతా అనే మాటే. అంగీకి గుండీ పట్టే చోట గుడ్డను చీల్చి, ఆ చీలిక చుట్టూ దారంతో అంచు కట్టడం చూసేవాళ్లకు చిన్న పనే. డిపో కండక్టర్లు ఖాకీ అంగీలు ఎక్కడో కుట్టించుకుని కాజాలకు మాత్రం మా మహిళా కుట్టు కేంద్రానికి పంపేవాళ్లు. శంకరమ్మ చేతికే ఇవ్వమని చెప్పి మరీ పంపేవాళ్లు.

అలాంటి నన్ను పక్కన పెట్టి, కాజా మిషన్ నేర్చుకు రమ్మని రిబ్కమ్మను నెల రోజులు సంగారెడ్డికి పంపింది మా కేంద్రం నడిపే విజయమ్మ మేడమ్. నన్ను ఒక్క మాట అడగలేదు. రిబ్క ఏడో తరగతి చదివిందట, చూసి రాసుకోగలదట. ఆ పిల్లకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఎవరో మేడమ్‌కు గుర్తు లేదు.

సంక్రాంతి పోయిన మర్నాడు రిబ్క మిషన్‌తో సహా బస్సు దిగింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తిండి కాగానే గంటసేపు పాఠం. మాతో కుట్టే కాశమ్మ, నీలమ్మ మిషన్‌కు చెరో పక్క చేరేవాళ్లు. ఏడేళ్లుగా నా పక్కన తప్ప ఎక్కడా కూర్చోని కాశమ్మ తన పీటను కూడా అటే జరుపుకుంది. పైగా రిబ్కను పంతులమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందే అని నేను పైకే అన్నాను. రిబ్క ఒక్కతే నవ్వి, రా అక్కా, నువ్వు కూర్చుంటే మాకన్నా జల్దీ వస్తుంది అంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. దెప్పిపొడిచినా బాగుండేది, తిరిగి నాలుగు తిట్టేదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పాలి. రిబ్క దేన్నీ దాచుకునేది కాదు. నీలమ్మ ఒకే సంగతి పదిసార్లు అడిగినా పదిసార్లు చెప్పేది. ఇలా అంతా ధారపోస్తే రేపు నీకేం మిగులుతుందే పిచ్చిదానా అని నాకు లోపల అనిపించేది. నేనైతే అలా చేయలేదు. నా కాజా అంచు ఎన్ని ఉతుకులు పడ్డా పీచు లేవదు. దానికొక కిటుకుంది. కోసిన అంచు వెంట మైనం రుద్దిన రెండు పేటల దారం పరిచి, దాన్ని లోపల ఉంచి పైనుంచి కుట్టాలి. ఆ దారం పరిచేటప్పుడు నేను గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని, వెలుతురు అటే బాగుందని సాకు చెప్పి. కేంద్రంలో అందరికీ కుట్టు నేర్పాను, ఈ ఒక్కటి తప్ప. అందుకే వాళ్ల కాజాలు నాలుగు ఉతుకులకే పీచులు పోయేవి, నా పేరు నిలిచేది.

జనవరి ఇరవై ఆరుకు హాస్టల్ పిల్లల కోసం అరవై తెల్ల అంగీలు కుట్టాం. సోమవారం సాయంత్రం వార్డెన్‌కు అప్పజెప్పాలి. కాజాలు తప్ప అన్నీ అయ్యాయి. సోమవారం పొద్దున మిషన్ మీద కాజాలు మొదలుపెడదామని రిబ్క అంది. మేడమ్ మీటింగుకని సంగారెడ్డి వెళ్లింది. ఆదివారం రిబ్క చర్చికి పోతుంది, మధ్యాహ్నం దాకా రాదు. కేంద్రం తాళం చెవి ఎప్పుడూ నా కొంగునే ఉంటుంది.

నాకొక ఆలోచన పుట్టింది. గోడవైపు తిరిగి కూర్చున్నా నా చెవులు మిషన్ దగ్గరే ఉండేవి గదా. పెడల్ ఎలా తొక్కాలో, మీట ఎటు తిప్పాలో అంతా విన్నాను. సోమవారం అందరూ వచ్చేసరికి అరవై అంగీలూ కాజాలతో మడతపెట్టి ఉండాలి. ఎవరు నేర్పారక్కా అని కాశమ్మ అడగాలి. ఎవరూ నేర్పలేదు అని నేను అనాలి. ఆ ఒక్క మాట కోసం ఆదివారం పొద్దున్నే తాళం తీశాను.

నా పని పద్ధతి ఒకటే. ముందు అన్నింటికీ గుర్తులు పెట్టి, అన్నీ ఒకేసారి కోసుకుని, ఆ తర్వాతే సూది పడతాను. అంగీకి ఆరు చొప్పున మూడు వందల అరవై కాజాలు కోసేశాను. చేతి పనికి కత్తెర ముందు, సూది తర్వాత. మిషన్‌కు వేరే పద్ధతి ఉంటుందని నా తలకు తట్టనే లేదు. తర్వాత మొదటి అంగీని మిషన్ కింద పెట్టి తొక్కాను. కోసిన అంచులు రెండూ విడిపోయాయి, సూది ఖాళీలో దిగింది, దారం ఉండకట్టింది, గుడ్డను లోపలికి లాగి కొరికేసింది. రెండో అంగీ కూడా అంతే. మూడోది పెట్టడానికి చేయి రాలేదు.

రిబ్క చర్చి నుంచి ఇంటికి పోతూ, తలుపు తీసి ఉండటం చూసి లోపలికి వచ్చింది. తెల్లచీరలో, చేతిలో పాటల పుస్తకంతో నిలబడి అంగీల కుప్పనూ నన్నూ చూసింది. అరుస్తుందని, కనీసం నవ్వుతుందని ఎదురుచూశాను. ఆమె ఒక అంగీ ఎత్తి కాజాలో వేలు పెట్టి చూసింది.

"మిషన్‌కు ముందుగాల కుట్టాలె అక్కా, ఎనుక కొయ్యాలె. మొదటి దినమే చెప్పిన."

మొదటి రోజు నేను చెవులు కూడా మూసుకుని కూర్చున్నాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

"ఇగ వీటిని మిషన్ ముట్టదు," అంది రిబ్క. "చేతితోని కుట్టుడే గతి. ఒక్కదానివి రేపటికి చెయ్యలేవు. మేం కుడితే పీచులు పోతయి. నీది ఎందుకు పోదో చెప్పు. నలుగురం కూసుందం."

నేను ఏడేళ్లుగా భయపడింది ఆ ప్రశ్నకే. ఒక్కదాన్నే కుడతాను పో అందామనుకున్నాను. లెక్క వేసుకున్నాను. కంటిమీద కునుకు లేకుండా కుట్టినా సగం కావు. పిల్లలు గుండీలు పెట్టుకోలేని అంగీలతో జెండా దగ్గర నిలబడతారు, కేంద్రానికి మళ్లీ పని రాదు. బొడ్డున దోపుకున్న సంచి తీసి, అందులోని మైనం ముద్దను రిబ్క చేతిలో పెట్టాను. నా మెడలోని పుస్తె తీసి ఇచ్చినా అంత కష్టం అనిపించేది కాదేమో.

రిబ్క వెళ్లి కాశమ్మనూ నీలమ్మనూ పిలుచుకొచ్చింది. మొదటిసారి గోడకు వీపు పెట్టి, అందరికీ కనబడేలా దారం పరిచాను. నేను ఏడేళ్లు దాచిన దాన్ని రిబ్క పావుగంటలో పట్టేసింది. తిట్టుకుంటూనే చూపించాను. దారం బిగువు సడలితే వాళ్ల చేతి మీద చిన్నగా ఒకటి వేశాను కూడా. మిషన్ కొరికిన చోట్ల లోపలి నుంచి అతుకు వేశాను. ఆదివారం పొద్దు గూకేదాకా, సోమవారమంతా కుట్టాం.

సాయంత్రం వార్డెన్ వచ్చే వేళకు మేడమ్ కూడా బస్సు దిగింది. వార్డెన్ ఒక అంగీ విప్పి కాజాలు తడిమి, మిషన్ వచ్చినంక పని ఎంత ఒక్కతీరుగా వచ్చిందో అని మెచ్చుకున్నాడు. మేడమ్ రిబ్క భుజం తట్టింది. "నేర్పితే నీలెక్క నేర్పాలె" అంది.

రిబ్క నోరు తెరిచి, నావైపు చూసి, మూసుకుంది. నన్ను కాపాడుతోందని తెలుసు. నేనూ నోరు మూసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నా చేతి పని ఆ ఇనుప ముక్క ఖాతాలో పడుతుంటే ఎలా చూస్తూ ఊరుకుంటాను? పరువు పోతే పోయిందనుకున్నాను.

"అవి మిషన్‌యి కావు," అన్నాను. "ముందుగాల కోసి ఖరాబు చేసిన నేనే. చేతితోని కుట్టినం."

మేడమ్ నన్ను కోపంగా చూసింది. వార్డెన్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. మరో నాలుగైదు అంగీలు తిరగేసి, చేతి కుట్టంటే శంకరమ్మవేనా, ఇందులో నీవి ఏవి, చూపించు అన్నాడు.

నేను ధీమాగా ముందుకు వెళ్లాను. ఒక అంగీ తీశాను. మడత విప్పి వెలుతురుకు పట్టి చూశాను. ఇంకొకటి తీశాను. అంచు సాపుగా ఉంది, ముడులన్నీ ఒకే వరసలో ఉన్నాయి, లోపలి దారం ఎక్కడా కనబడటం లేదు. పదో అంగీ దాకా చూశాను. ఏది నాదో, ఏది రిబ్కదో నాకే తెలియలేదు.

కడుపు మండిపోయింది. చివరి అంగీని మడతపెట్టి కుప్పలో ఉంచి, అందరం కుట్టినవే అని చెప్పాను.