టైపుకెక్కని జవాబు

నల్లకోటు వేసుకున్న మొదటి రోజునుంచీ లాయరమ్మను ఒక సందేహం వెంటాడుతోంది. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, "తండ్రీ, ఇవాళ్టి కేసు గట్టెక్కించు" అని దణ్ణం పెట్టుకుంటుంది. సరిగ్గా అదే వేళకు నాలుగు వీధుల అవతల ఎదుటిపక్షం లాయరు కూడా దీపం పెట్టి అదే మాట అంటూ ఉంటాడు గదా. మరి ఆ పైవాడు ఎవరి మాట ఆలకించాలి?

ఒకసారి ఈ మాట భర్త దగ్గర అంది. ఆయన లెక్కల మాస్టారు. "ఏముంది, ఇద్దరి దణ్ణాలూ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. మిగిలేది సున్నా. ఆ సున్నాలో కూర్చుని జడ్జిగారు తీర్పు రాసుకుంటారు" అన్నాడు, పేపరులోంచి తల ఎత్తకుండా.

అత్తగారు మాత్రం కాస్త ఆలోచించి చెప్పింది. "గెలిపించమని అడగడం దేనికే? నోరు జారకుండా చూడమని అడుగు. అది ఇద్దరికీ ఇవ్వొచ్చు, ఆయనకీ ఇబ్బంది ఉండదు."

మాట బాగుంది. కానీ ఫీజు తీసుకున్నాక గెలుపు అడక్కుండా ఉండటం లాయరు వల్ల అయ్యే పనేనా? లాయరమ్మ రెండూ అడుగుతూ వచ్చింది. సందేహం సందేహంగానే ఉండిపోయింది.

కత్తెరక్క కేసు విచారణకు వచ్చిన రోజు ఆ సందేహం మరీ సతాయించింది.

కత్తెరక్క అసలు పేరు ప్రెస్సులో ఎవరికీ గుర్తులేదు. పుస్తకాల అంచులు కోసే పెద్ద మిషను మీద పనిచేసేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఒకరోజు ఆ మిషను కత్తి కిందికి ఎడమచెయ్యి వెళ్ళి రెండు వేళ్ళు పోయాయి. కత్తికి ముందు చెయ్యి దూరకుండా ఒక అడ్డురేకు ఉండాలి. ఆ రోజు లేదు. రేకు ఆవిడే విప్పిందనీ, అది ప్రెస్సు నియమానికి విరుద్ధమనీ యజమాని ఆవిణ్ణి పనిలోంచి తీసేశాడు. మళ్ళీ పనిలోకి తీసుకోవాలన్నదే ఆవిడ కేసు. మిషను మీద కాకపోయినా సరే, కాగితాలు మడతపెట్టే చోటయినా సరే.

"పని లేకపోతే ఇంట్లో కుర్చీ కూడా నన్ను చూసి మొహం తిప్పుకుంటోందమ్మా" అంది కోర్టు వరండాలో. "అన్నం పెట్టేటప్పుడు కోడలు ఏమీ అనదు. అనకపోవడమే గుచ్చుకుంటోంది. ఏదన్నా అంటే దెబ్బలాడుకునేదాన్ని."

"ఇవాళ మిమ్మల్ని ఎదుటి లాయరు ప్రశ్నలడుగుతారు. తొణక్కుండా చెప్పండి. నాకు చెప్పనిదేమీ లేదు గదా అక్కా?"

"ఏముంటుందమ్మా? పొద్దున నేను వచ్చేసరికే రేకు లేదు." ఆ మాట అంటూ ఆవిడ వరండా చివరికి చూసింది. అక్కడ యజమాని తరఫు సాక్షిగా వచ్చిన మేస్త్రీ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడకు వరసకు తమ్ముడు, ఆ ప్రెస్సులో పని ఇప్పించినవాడు.

లాయరమ్మ ఆ చూపు గమనించింది గానీ, పిలుపు రావడంతో లోపలికి నడిచింది.

యజమాని తరఫు లాయరును కోర్టులో అందరూ అబ్జెక్షన్ తాతగారు అంటారు. అయినదానికీ కానిదానికీ లేచి "అబ్జెక్షన్" అనడం ఆయనకు ఊపిరి. ఒకసారి జడ్జిగారు దగ్గితే కూడా లేచాడని చెప్పుకుంటారు. అది కల్పనే కావచ్చు. కానీ ఆయన క్రాస్ ప్రశ్నలంటే మాత్రం నిజంగానే సాక్షులకు చెమటలు పట్టేవి. ఇప్పుడు వయసు మీదపడింది. చెవులు సరిగ్గా వినపడవు. చెవిమిషను కొన్నారు గానీ, అది పెట్టుకుంటే ఎవరూ కేసు ఇవ్వరని కోటు జేబులోనే ఉంచుకుంటారు. భుజం పక్కన జూనియరును నిలబెట్టుకుని, సాక్షి ఏమన్నాడో అతను చెవిలో ఊదుతుంటే నెట్టుకొస్తున్నారు. ఇవాళ ఆ జూనియరు వేరే హాల్లో ఇరుక్కుపోయాడు.

కత్తెరక్క బోనెక్కింది. తాతగారు లేచి కోటు సర్దుకున్నారు.

"ఆ ప్రెస్సులో ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నావమ్మా?"

"పెళ్ళయిన మరుసటేడు నుంచీ అండి."

"మిషను వాడటం ఎవరు నేర్పారు?"

"మేస్త్రీ అండి."

"సరే, మిషను వాడటం నీకు ఎవరు నేర్పారో చెప్పు."

వెనక బెంచీలో కూర్చున్న కుర్ర లాయర్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు, "చెవిటివాడి ముందు శంఖం" అని గొణిగాడు. "ఊదేది సాక్షి, కొరుకుతోందనుకునేది తాతగారు" అని మొదటివాడు అందుకున్నాడు. పైన ఫ్యాను కటకటమని తిరుగుతోంది. తాతగారికి ఆ నవ్వు వినపడలేదు. కానీ మొహాలు కనపడ్డాయి. చెవి తగ్గినా కన్ను తగ్గలేదు ఆయనకు. మెడ దగ్గర ఎర్రబడింది.

జడ్జిగారికి ఇది నచ్చలేదు. కానీ ఆయనకు ఆ రోజు చూడాల్సిన కేసులు కొండంత ఉన్నాయి. గుమాస్తా తెచ్చిన కాగితాల మీద సంతకాలు పెడుతూ, "కానివ్వండి" అన్నారు.

అప్పుడు తాతగారు అసలు ప్రశ్న వేశారు. "మిషనుకు ఉన్న అడ్డురేకు ఆ రోజు ఎవరు విప్పారు?"

కత్తెరక్క బోను కొయ్యను ఎడమచేత్తో పట్టుకుంది. పట్టు చాల్లేదు, కుడిచెయ్యి కూడా వేసింది. తల వంచుకుని, బాగా దగ్గరగా ఉన్నవాళ్ళకు మాత్రమే వినపడేంత నెమ్మదిగా అంది.

"నేనే విప్పానండి. అయితే..."

తాతగారు ఆ తల వంచడం చూసి జవాబు అయిపోయిందనుకున్నారు. "ఇక నియమాల సంగతికి వద్దాం" అంటూ తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు.

కోర్టులో ఒక పద్ధతి ఉంది. సాక్షి చెప్పిన మాటను జడ్జిగారు తన మాటల్లో టైపిస్టుకు చెబుతారు. టైపిస్టు కొట్టిందే సాక్ష్యం. కాగితం మీదికి ఎక్కని మాట గాలిలో కలిసినట్టే. జడ్జిగారు సంతకంలోంచి తల ఎత్తి, అంతకుముందు అర్జీలో ఆవిడ చెప్పినదే మళ్ళీ చెప్పి ఉంటుందనుకుని, "నేను పనికి వచ్చేసరికే రేకు లేదు... అని కొట్టు" అన్నారు. టైపిస్టు చేతులు మిషను మీదికి వెళ్ళాయి.

విన్నది లాయరమ్మ ఒక్కతే.

కూర్చుంటే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు. అబద్ధం ఆవిడ ఆడలేదు, ఆడించలేదు. ఫ్యాను ఆడింది. కేసు దాదాపు చేతికొచ్చినట్టే. ఇది దీపం పెట్టినందుకు దక్కిన ఫలమా? దేవుడు ఎవరినైనా గెలిపించాలంటే ఇంకొకరి చెవి మూస్తాడా?

బోనువైపు చూసింది. కత్తెరక్క నోరు ఇంకా తెరిచే ఉంది. "అయితే" దగ్గర ఆగిపోయిన మాట పెదాల మీదే ఉంది. ఆవిడ లాయరమ్మనే చూస్తోంది. తప్పించుకున్నానన్న సంతోషం ఆ కళ్ళలో లేదు. గుమ్మం దగ్గర నిలబడిన మనిషిని లోపలికి రానివ్వకుండా తలుపు వేసేసినట్టు ఉంది.

ఇటు చూస్తే తాతగారు. కుర్ర లాయర్ల నవ్వు మధ్య కాగితాలు అటూ ఇటూ తిప్పుతున్నారు.

ఆయనకు లాయరమ్మ బాకీ ఉంది. ఆవిడ మొదటి విచారణ రోజున ఎదుటిపక్షం ఆయనే. లేచి నిలబడింది, నాలుక పిడచకట్టుకుపోయింది. రాసుకొచ్చిన ప్రశ్నలన్నీ చీమల్లా కనిపించాయి. జడ్జిగారు విసుక్కుంటున్నారు. కక్షిదారు ముఖం పాలిపోతోంది. అప్పుడు తాతగారు చటుక్కున లేచి "అబ్జెక్షన్" అన్నారు. "ఇంకా ప్రశ్నే అడగలేదు గదయ్యా, దేనికి అబ్జెక్షన్?" అని జడ్జిగారు గుడ్లురిమారు. "అడగబోయే ప్రశ్నకండీ" అన్నారాయన. హాలంతా గొల్లుమంది. జడ్జిగారు ఆయన్ని కడిగేస్తూ ఉంటే, ఆ సందులో ఆవిడ మంచినీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకుని, మొదటి ప్రశ్న అడిగేసింది. తరవాత థాంక్స్ చెప్పబోతే, "ఏ అబ్జెక్షనమ్మా? రోజుకు నలభై చెబుతాను, ఏదని గుర్తుపెట్టుకోను?" అని వెళ్ళిపోయారు. ఆ మాట ఆవిడ మనసులో అలాగే మిగిలిపోయింది.

కానీ బాకీ ఆవిడది. వేళ్ళు పోయింది కత్తెరక్కవి. తన బాకీ ఇంకొకరి కూడుతో తీర్చకూడదు గదా. అదే ఆవిణ్ణి కుర్చీకి అంటిపెట్టింది. మళ్ళీ బోనువైపు చూసింది. కత్తెరక్క తల ఊపింది. చాలా చిన్నగా, అవునన్నట్టు.

లాయరమ్మ లేచింది.

"క్షమించండి, ఆ ఆఖరి జవాబు నాకు వినపడలేదు. ఫ్యాను మోత. సాక్షిని గట్టిగా చెప్పమనండి."

జడ్జిగారు ఆశ్చర్యంగా చూశారు. "మీ సాక్షి మాట మీకే వినపడలేదా? ఇందాక తాతగారికి వచ్చిన జబ్బు మీకూ అంటుకుందా?"

"ఈ మధ్య చెవి కాస్త మందగించిందండీ" అంది లాయరమ్మ. నలభై ఏళ్ళు నిండని మనిషి అలా అనేసరికి వెనక బెంచీ నవ్వు ఆవిడమీదికి మళ్ళింది. "ఫ్యాను ఆపించి, ఇకమీదట ప్రతి జవాబూ గట్టిగా చెప్పిస్తే నాకు సాయంగా ఉంటుంది."

బంట్రోతు ఫ్యాను ఆపాడు. తాతగారు కాగితాలు తిప్పడం మానేసి ఆవిడవైపు చూశారు. ఒక్క క్షణమే.

"అడ్డురేకు ఎవరు విప్పారు?" అన్నారు జడ్జిగారు.

"నేనే విప్పానండి" అంది కత్తెరక్క, ఈసారి హాలంతా వినపడేలా. యజమాని కుర్చీలో ముందుకు వంగాడు. "అయితే నా అంతట నేను విప్పలేదు. రేకు ఉంటే కోత నెమ్మది. ఆర్డరు తొందర. మేస్త్రీ విప్పమన్నాడు. వాడు నాకు తమ్ముడి వరస. వాడి పని పోతుందని మా లాయరమ్మగారికి కూడా చెప్పలేదు. తప్పు నాదే."

టైపిస్టు ఇందాకటి వాక్యం కొట్టేసి, ఈ మాటలు కొట్టాడు.

తాతగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఆయన పాత తాతగారే. కాలర్ సర్దుకుని ముందుకొచ్చారు.

"ఇన్నాళ్ళూ ఒక మాట, ఇవాళ ఒక మాట. మేస్త్రీ చెప్పాడంటున్నావు. ఎవరైనా విన్నారా?"

"లేదండి. ఆ మిషన్ల మోతలో ఎవరు వింటారు?"

"ఎవరికీ వినపడని మాట నీకు మాత్రం ఎలా వినపడిందమ్మా?"

పదునైన ప్రశ్న. చేజేతులా కొరివితో తల గోక్కున్నానా అనుకుంది లాయరమ్మ.

"నాకూ వినపడలేదు బాబూ" అంది కత్తెరక్క. "చేత్తో చూపించాడు. ఆ మోతలో మేమందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. కాగితం అయిపోతే ఇలా. కరెంటు ఆపమంటే ఇలా. రేకు విప్పమంటే..."

ఎడమచెయ్యి పైకెత్తి, అరచేతిని బోను కొయ్య మీద నిలబెట్టి, పక్కకు లాగేసి, గాలిలోకి విసిరేసినట్టు తిప్పింది. మూడు వేళ్ళ చెయ్యి. మిగతా రెండు ఉండాల్సిన చోట గాలి.

ఆ జవాబు తాతగారికి ఎవరూ చెవిలో ఊదక్కర్లేదు. వరండా గుమ్మంలో నిలబడి చూస్తున్న మేస్త్రీ కుడిచెయ్యి, తనకు తెలియకుండానే, అదే సైగ సగం చేసి ఆగిపోయింది. యజమాని అది చూశాడు. జడ్జిగారూ చూశారు.

"సాక్షి చేతితో రేకు తీసేసిన సైగ చేసి చూపించింది, అని కొట్టు" అన్నారు జడ్జిగారు. "ఇంకేమైనా ఉందా తాతగారూ?" అన్నారు.

"లేదండీ" అన్నారు తాతగారు. "మా కక్షిదారుతో మాట్లాడుకోవడానికి మధ్యాహ్నం దాకా సమయమిప్పించండి."

వరండాలో ఏం జరిగిందో తరవాత అందరికీ తెలిసింది. తాతగారు యజమానిని ఒక మూలకు తీసుకెళ్ళారు. "మీ సాక్షిని నేను బోనెక్కించను. ఎక్కిస్తే అబద్ధం నోటితో చెబుతాడు, నిజం చెయ్యి చెబుతుంది. ఆపైన మీ ఇష్టం" అన్నారు. మధ్యాహ్నానికి రాజీ కాగితం తయారైంది. కత్తెరక్క మడతల విభాగంలోకి తిరిగి వెళ్తుంది. కోత మిషన్లన్నింటికీ రేకులు బిగిస్తారు. మేస్త్రీని పనిలోంచి తీయొద్దని కత్తెరక్క పట్టుబట్టి ఆ మాట కూడా రాయించుకుంది.

మేస్త్రీ ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అక్కా" అని ఆగిపోయాడు.

"ఏడవకురా, అసహ్యంగా ఉంటుంది. పోయి మజ్జిగ తెచ్చిపెట్టు, గొంతు ఎండిపోయింది" అందావిడ. తరవాత లాయరమ్మ దగ్గరకొచ్చి, "మీరు లేవకపోయుంటే, పని దొరికినా నాకు నిద్ర దొరికేది కాదమ్మా" అంది.

తాను లేచింది ఎవరికోసమో లాయరమ్మకే పూర్తిగా తెలియదు. ఆవిడకోసమా, ఆ ముసలాయనకోసమా, లేక లేపినవాడు ఇంకొకడున్నాడా? కాగితాల కట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

మెట్ల కింద తాతగారు నిలబడి ఉన్నారు. కోటు జేబులోంచి చెవిమిషను తీసి, పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నారు.

"ఏమ్మాయ్, నీ చెవి ఎప్పటినుంచి మందగించింది?"

"ఇవాళ పొద్దున్నుంచీ బాబాయిగారూ. ఇప్పుడు కాస్త నయం."

ఆయన చెవిమిషను సరిచేసుకుని నవ్వారు. "అడగబోయే ప్రశ్నకు అబ్జెక్షన్ చెప్పినందుకు ఆ జడ్జి నన్ను వారం రోజులు వేపుకు తిన్నాడు, తెలుసా?"

లాయరమ్మ నిలబడిపోయింది. "గుర్తులేదన్నారు గదా!"

"గుర్తుందంటే అప్పుడే ఏదో ఒకటి చేసి తీర్చేసేదానివి. తొందర మనిషివి."

"ఇప్పుడు తీరినట్టేనా బాబాయిగారూ?" అంది మెల్లగా.

"ఆఁ? గట్టిగా చెప్పు."

"తీరినట్టేనా అంటున్నాను!"

వరండాలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. తాతగారు ఆవిడ చంకలోని కాగితాల కట్ట అందుకుని, తన కట్టతో కలిపి పట్టుకుని, గేటువైపు నడిచారు.

"తీరింది, తీరింది. చెల్లుకు చెల్లు."