బెర్ట్రాన్ పెద్దమనసు

సైకిల్ తొక్కడానికి ఒక మనిషికి ఎన్ని వస్తువులు కావాలో మా బెర్ట్రాన్‌ను చూసేదాకా నాకు తెలియదు. జూన్ నెలలో ఒక పొద్దున, మా బర్గండీ ద్రాక్షసీమలోని బోన్ ఊరి ప్రాకారం బయట మేము ముగ్గురం పాత చొక్కాలతో నిలబడి ఉంటే, అతను మెడ నుంచి మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుపోయే నల్లబట్టల్లో దిగాడు. పొట్ట ఒక్కటే ఆ బట్టల మాట వినలేదు. హ్యాండిల్ మీద గుండె వేగం చెప్పే పెట్టె ఒకటి, గాలి ఎటు వీస్తోందో చెప్పే పెట్టె ఇంకొకటి. డిజోన్‌లో జీవితమంతా జనానికి వీలునామాలు రాసిపెట్టిన నోటరీ కదా, గాలి వీచినా అతనికి రుజువు కావాలి.

"లూసియన్, సిగ్గు లేదుటోయ్? బ్యాటరీ సైకిలా?" అన్నాడు.

మందుల షాపు అమ్మేసి హాయిగా తిని తిరుగుతున్న లూసియన్ సీటు మీద ఇంకాస్త సర్దుకున్నాడు. "సిగ్గు గుట్టలెక్కదు నాయనా. బ్యాటరీ ఎక్కుతుంది."

నాలుగో మనిషి మా చెల్లెలు ఒడెట్. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. భర్తతో విడిపోయి చాలాకాలమైంది. పోయిన చలికాలంలో బెర్ట్రాన్ ఆమెను పెళ్ళి చేసుకుందామని అడిగాడు. "సైకిల్ యాత్ర అవనీ, చివర సాంతెనే ఊళ్ళో చెబుతాను" అంది. ఈ సంగతి ఆమె నాకొక్కడికే చెప్పింది. బెర్ట్రాన్ ఊరందరికీ చెప్పాడు, అదీ జవాబు వచ్చేసినట్టే. తన ఇంట్లో ఆమె కుర్చీ ఏ కిటికీ పక్కన వేయాలో కూడా నిర్ణయించేశాడట.

"నీకేమనిపిస్తోంది అన్నయ్యా?" అని అడిగింది ఒడెట్, నా సైకిల్ చైను తుడుస్తూ.

నాకేమనిపించినా చెప్పదలచుకోలేదు. నా భార్య పోయిన దగ్గర్నుంచి ఒక్కడికి సూప్ కాచుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎంత చిన్న గిన్నెలో కాచినా మిగిలిపోతుంది. భోజనాల బల్లకు అవతల ఒక మనిషి కూర్చుని ఉండడం చిన్న విషయం కాదు.

"నువ్వే చూసుకో అమ్మా" అన్నాను.

"చూడ్డానికేగా వచ్చాను" అంది.

దారంతా ద్రాక్షతోటలే. ఎత్తు వచ్చి ఊపిరి అందనప్పుడల్లా బెర్ట్రాన్ సైకిల్ దిగి మట్టి గురించి మాట్లాడేవాడు. "ఈ గోడకు ఇటువైపు మట్టి వేరు, అటువైపు వేరు. నాలిక మీద పెడితే చాలు, నేను చెప్పేస్తాను." మా బర్గండీ వాళ్ళందరికీ ఈ జబ్బు కొద్దోగొప్పో ఉంది. అతనికి ముదిరింది.

"మట్టి తినే అలవాటు మా మనవడికీ ఉండేది. డాక్టర్ మందిచ్చాడు" అన్నాడు లూసియన్.

ఒడెట్ నవ్వింది. ఆమె తన అజ్ఞానానికి తనే నవ్వుకుంటోందనుకుని బెర్ట్రాన్ ఆమె భుజం తట్టాడు. అయినా ఆ రోజు మాకు మంచే జరిగింది. గాలి వెనక నుంచి తోసింది. పొమ్మార్ ఊరు దాటాక ఎవరో పెద్దావిడ కిటికీలోంచి చెయ్యి చాపి, అడగకుండానే మా సీసాలు అందుకుని చల్లటి నీళ్ళు నింపి ఇచ్చింది. ఆ నీళ్ళకు బెర్ట్రాన్ ఏ వర్ణనా చెప్పలేదు. అదీ ఒక మేలే.

మర్నాడు మెర్సో దగ్గర రోబ్లో అనే ముసలి రైతు మమ్మల్ని తన నేలమాళిగలోకి రానిచ్చాడు. ఒకవైపు ఎర్ర వైన్ పీపాలు, ఒకవైపు తెల్ల వైన్ పీపాలు. మధ్యలో మసక బల్బు. రోబ్లో పీపా మూత తీసి, పొడుగాటి గాజు గొట్టంతో వైన్ పైకి లాగి మా గ్లాసుల్లో తలా కాస్త పోస్తాడు. పుక్కిలించి కింద గులకరాళ్ళ మీద ఉమ్మాలి. గ్లాసులో మిగిలింది పారబోయకూడదు. ఏ పీపాలోంచి తీశాడో దానిలోకే తిరిగి పోయాలి. ఏడాది కష్టం కదా, చుక్క కూడా నేలపాలు కానివ్వరు.

బెర్ట్రాన్ ఉమ్మడం చూసి తీరాలి. ధార సన్నగా తీగలా సాగి, అనుకున్న రాయి మీదే పడుతుంది. పడ్డాక, ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని ఒక్క క్షణం ఆగుతాడు.

మేము ఎర్ర వైన్ రుచి చూడడం అయిపోయింది. రోబ్లో ఆ పీపా మూత బిగించి, వెనకనున్న తెల్ల వైన్ పీపా మూత తీసి, గొట్టం కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఒడెట్ గ్లాసులో ఇంకా ఎర్ర వైన్ మిగిలి ఉంది.

"ఇలా తే. నీకు తెలీదు" అంటూ బెర్ట్రాన్ ఆ గ్లాసు లాక్కున్నాడు. "వైన్ దగ్గర మనిషికి మొదట కావలసింది వినయం, లూసియన్. విను. వినయం!" అంటూ మా వైపే చూస్తూ, చెయ్యి వెనక్కి చాపి, తెరిచి ఉన్న పీపాలోకి గ్లాసు వంపేశాడు. ఖాళీ గ్లాసు ఒడెట్ చేతిలో పెట్టాడు.

రోబ్లో తిరిగొచ్చి గొట్టం ముంచి పైకి లాగాడు. పైన పడ్డ ఎరుపు ఇంకా కలిసిపోలేదు, గాజులో తెల్ల వైన్ లేత గులాబీరంగుగా వచ్చింది. ఆయన దాన్ని బల్బుకేసి పట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరి పని ఇది?"

లూసియన్ నన్ను చూశాడు. నేను బెర్ట్రాన్‌ను చూశాను. బెర్ట్రాన్ ఒడెట్ చేతిలో ఖాళీ గ్లాసును చూసి, మెల్లగా తల ఊపి, ఎంతో బాధగా నిట్టూర్చాడు.

"క్షమించండి రోబ్లో గారూ. తప్పు నాది. ఈమెకు ఇవన్నీ తెలియవు. ముందే చెప్పి ఉండాల్సింది. పాపం, ఏదో సాయం చేద్దామనుకుంది. ఏమీ అనకండి."

నేను నోరు తెరిచాను. ఒడెట్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"క్షమించండి" అంది ఆమె రోబ్లోతో.

"కళ్ళు పెట్టుకుని చూడక్కర్లేదా తల్లీ?" అని గొణిగి ఆయన మూత బిగించాడు. ఇక ఏ పీపా తెరవలేదు.

బయట ఎండలో సైకిళ్ళు ఎక్కుతుంటే బెర్ట్రాన్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "దిగులు పడకు. నేనున్నాగా, సర్దేశాను." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం జాగ్రత్తగా చూశాను. అబద్ధం ఆడుతున్న మొహం కాదు. అప్పటికే నమ్మేశాడు.

సాంతెనే చేరేసరికి ఆ కథ బాగా ఎదిగింది. హోటల్ ఆవిడకు చెప్పాడు, పక్క బల్ల దగ్గరి బెల్జియం దంపతులకు చెప్పాడు. చెప్పినప్పుడల్లా రోబ్లో కోపం పెరిగింది, ఒడెట్ అమాయకత్వం పెరిగింది, బెర్ట్రాన్ ఓర్పు పెరిగింది. బయట ఇంకా వెలుతురుంది. చెట్ల కింద వేసిన బల్ల మీదికి నత్తల పళ్ళెం వచ్చింది. వెల్లుల్లి వెన్న వాసనకు లూసియన్ కళ్ళు మూసుకున్నాడు.

"బెర్ట్రాన్, ఇక్కడ జవాబు చెబుతానన్నాను" అంది ఒడెట్.

అతను రుమాలుతో మూతి తుడుచుకుని, ఫోటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

"వద్దు" అంది.

"ఏం వద్దు?"

"పెళ్ళి వద్దు."

బెర్ట్రాన్ మమ్మల్ని చూశాడు. మేము నత్తల్ని చూశాం. "ఆ ఒక్క గ్లాసు కోసమా? దాని సంగతి నేనెప్పుడో మర్చిపోయానే!"

"అవును, మర్చిపోయావు. పోసింది నువ్వని మర్చిపోయావు. రేపు ఇంట్లో పాలు పొంగినా, తాళాలు పోయినా అది నేనే అవుతాను. నువ్వు అందరి ముందూ నన్ను క్షమిస్తావు. అంతకంటే ఇష్టమైన పని నీకు ఇంకోటి లేదు. నువ్వు క్షమించడానికి రోజూ ఏదో ఒక తప్పు చేసిపెట్టే ఓపిక నాకు లేదు."

"నేనా? పోశానా?" బెర్ట్రాన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "లూసియన్, నువ్వు చెప్పు!"

"నాకు వినయం గురించి చెబుతూ పోశావు నాయనా" అన్నాడు లూసియన్, బ్రెడ్డు ముక్కతో వెన్న అద్దుకుంటూ.

బెర్ట్రాన్ లేచాడు. ఆ బిగుతు బట్టల్లో హుందాగా లేవడం కష్టం, అయినా ప్రయత్నించాడు. ఒడెట్ భుజం మీద చెయ్యి వేశాడు. "అలసిపోయావు. ఎండలో తొక్కావు. ఈ మాటలకు నేనేమీ అనుకోను. నిన్ను క్షమించాను" అని చెప్పి పైకి వెళ్ళి పడుకున్నాడు.

లూసియన్ నవ్వాపుకోలేక దగ్గాడు. ఒడెట్ నవ్వలేదు. బెర్ట్రాన్ వదిలేసిన పళ్ళెం తన ముందుకు లాక్కుని, ఒక్కొక్క నత్తనే తీరిగ్గా తింది. ఆమె అలా కుదురుగా కూర్చుని తింటుండగా చూసి చాలాకాలమైంది.

"అన్నయ్యా, రేపు మనం ఇంటికి రైలెక్కొద్దు. వెనక్కి, ఆ ముసలాయన దగ్గరికి వెళ్దాం."

"నిజం చెప్పడానికా?"

"అదీ చెబుతా. కానీ తెల్ల వైన్ రుచి చూడనే లేదుగా!"

"ఇంతదూరం మళ్ళీ తొక్కాలా?" అని లూసియన్ మూలిగాడు. మూలుగుతూనే లేచి, బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టడానికి వెళ్ళాడు.