ఎండ లేని రోజు

పది గంటలకు పెద్దక్క దుప్పటి అంచును రెండు వేళ్ళతో నలిపి చూసి పెదవి విరిచింది. ఏడింటికి తీగ మీద వేసినప్పుడు ఎంత తడిగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఈ రేకుల షెడ్డులో పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే, ఆరబెట్టడం, మడవడం. అంచు ముట్టుకుంటే చాలు, ఎన్నింటికి ఆరుతుందో చెప్పేస్తుంది. ఆమెకు వచ్చిన విద్య అదొక్కటే. దాని మీద కాస్త గర్వం కూడా ఉంది.

బయట మబ్బు పట్టింది, ఆకు కదలడం లేదు. గోడ మీది థర్మామీటరు ముప్ఫైయారు దగ్గర ఆగింది. నలభై దాటితే గంటకోసారి కూర్చోవచ్చని షెడ్డులో రూలు. ఎండకు భయపడి రాసిన రూలు అది, ఉక్క సంగతి దానికి తెలియదు. అందరి ఒంటి మీదా చెమట కారుతోందే గాని ఆరడం లేదు.

"ఇవాళ ఎండ లేదు, బతికిపోయాం," అన్నాడు సూపర్‌వైజరు మెడ తుడుచుకుంటూ. పాపం, నిజంగానే అనుకున్నాడు.

పెద్దక్క పనిలో కూర్చునే మనిషి కాదు. కానీ పోయిన వారం రెండుసార్లు కళ్ళు తిరిగి కూలబడింది. "ఇంకోసారి కూర్చుంటే ఇంటి దగ్గరే కూర్చుందువుగాని, వయసులో ఉన్నవాళ్ళని పెట్టుకుంటాను," అని అతను అందరి ముందూ అనేశాడు. ఇంట్లో మంచం పట్టిన మొగుడున్నాడు. ఈ పని పోతే ఇద్దరి కడుపూ మాడుతుంది. ప్రాణం పోయినా ఇవాళ కూర్చోకూడదనుకుంది. మనుషులు ఊరికే అనుకునే మాటే అది.

"నాలుగింటికి వ్యాను వస్తుంది. ఆరతాయా?" అని అడిగాడు సూపర్‌వైజరు.

"ఆరవు బాబూ. గాలి నిండా నీళ్ళే. ఇంక ఇది తాగదు."

అక్కడితో ఆగినా బాగుండేది. పనికొచ్చే మనిషిని అనిపించుకోవాలని, "మా వైపున్న రెండు ఫ్యాన్లూ దుప్పట్ల మీదికి తిప్పించండి, ఆరిపోతాయి," అంది.

"అందుకే నువ్వుండాలి," అన్నాడతను. ఆ మాటకు ఆమె ముఖం విప్పారింది.

మడత బల్ల దగ్గరి ఆడవాళ్ళు ఆమెను కొరకొరా చూశారు. "నిన్నెవరడిగారక్కా?" అంది పక్కనే నిలబడ్డ తోటికోడలు. "మన ఫ్యాన్లు పీకి వాటికిచ్చావు. వాటికేమన్నా ఉక్కపోస్తోందా?"

"అవి తడిగా వెళ్తే ముందు పోయేది నేనేనే."

రెండు దాటేసరికి దుప్పట్లు ఆరి రెపరెపలాడాయి. పెద్దక్క మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడిచింది. మూడింటికి ఆమె చేతుల మీద రోమాలు లేచాయి.

"చలేస్తోందే," అంది.

"చలేస్తే ఓ దుప్పటి కప్పుకో," అని తోటికోడలు నవ్వింది. మిగతావాళ్ళూ నవ్వారు.

నాలుగు కావస్తుంటే పెద్దక్క పొట్టను బల్లకు ఆనించి నిలబడింది. కూర్చోలేదు. "ఆయనకి అన్నం పెట్టావా?" అని తోటికోడల్ని అడిగింది. ఇదేం ప్రశ్నని ఆమె తల తిప్పేలోగా పెద్దక్క నేల మీద పడిపోయింది.

షెడ్డు అవతలి చివర నుంచి సూపర్‌వైజరు చూశాడు. "మళ్ళీ కూర్చుందా?" అన్నాడు.

దగ్గరికొచ్చి నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెనంలా కాలుతోంది. పరుగున వెళ్ళి తన గదిలోని ఫ్రిజ్ తెరిచి చల్లటి నీళ్ళ సీసా తెచ్చాడు. అప్పటికే వ్యాను హారను కొట్టింది. ఆమెను లేపడానికి చేతులు కావాలి కాబట్టి సీసాను బల్ల మీద పెట్టేశాడు.

వ్యాను ఎటూ ఆసుపత్రికే పోతుంది గనక ఆమెను అందులోనే ఎక్కించారు. "దుప్పట్ల మీద వద్దు, చెమట అంటుతుంది," అన్నాడు డ్రైవరు. మూటల మధ్య ఇనప నేల మీద పడుకోబెట్టారు. తోటికోడలు ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఐదింటికి తోటికోడలు ఫోన్ చేసింది. దారిలోనే అయిపోయిందట. సూపర్‌వైజరు "దుప్పట్లు..." అని అడగబోయి ఊరుకున్నాడు. అవన్నీ పొడిగానే చేరాయి.

మర్నాటి మాసిన మూటలు అప్పటికే దిగి ఉన్నాయి. ఆడవాళ్ళు వాటిని విప్పుతున్నారు. నాలుకలు పిడచగట్టుకుపోతున్నా, సూపర్‌వైజరుగారిది కదా అని ఎవరూ ఆ నీళ్ళు ముట్టుకోలేదు. మూతైనా తీయని నీళ్ళ సీసా, ఒళ్ళంతా చెమటలు పట్టి, బల్ల మీద నిలబడే ఉంది.