సున్నం ఆరని గది

వదిన పెట్టింది తినడం, బస్సెక్కి బడికి పోవడం, పిల్లలకు లెక్కలు చెప్పడం, తిరిగొచ్చి పడుకోవడం. భర్త హర్ష పోయినప్పటి నుంచి భవితకు రోజులన్నీ అట్లాగే గడుస్తున్నాయి. వినుకొండ రోడ్డు మీద అతన్ని లారీ గుద్దేసింది. ఆమె ఏడవలేదు. ఏడుపు రాలేదన్న బాధ కూడా కలగలేదు.

నెలన్నరకి ఇన్సూరెన్సు డబ్బు చేతికొచ్చాక, అన్న ప్రవీణ్ నరసరావుపేటలో బ్యాంకు వేలానికి పెట్టిన ఇంటి సంగతి మోసుకొచ్చాడు.

"చౌకగా వస్తదే. కాకపోతే లోపలికి పోయి చూడనీయరు. బాకీ కట్టలేనోళ్ళు ఇంకా అందులోనే ఉన్నారు. ఖాళీ చేయించుకునే తిప్పలు మనయ్యే."

"సరేలే," అంది భవిత. ఏ వీధని కూడా అడగలేదు.

కాగితాలు అయ్యాక ప్రవీణ్ నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకు పోదామన్నాడు. ముందు తను మాట్లాడి వస్తానని ఆదివారం ఆమె ఒక్కతే వెళ్ళింది.

తలుపు తీసింది అబిదా, బాకీ పడ్డ ట్రాక్టర్ మెకానిక్ జుబేర్ భార్య. గొడవేమీ పెట్టుకోలేదు.

"నువ్వేనా అమ్మా? రా. నీ గది మొన్ననే వచ్చింది."

ఆ ఇంటి సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. అందులో ఉండబోయే మనిషి కోసం గది దానంతటదే పుట్టుకొస్తుంది. అబిదా కాపురానికొచ్చే ముందు ఒకటి వచ్చింది. కూతురు షాహీన్ కడుపున పడ్డప్పుడు ఒకటి. జుబేర్ తల్లి పోయిన సాయంత్రం ఆమె గది తలుపు గోడలో కలిసిపోయింది. బ్యాంకు వాళ్ళు ఎన్నిసార్లు టేపు పట్టినా కొలతలు కుదరలేదు.

"మా గదులు కూడా పోతాయేమోనని చూస్తన్నాం," అన్నాడు జుబేర్ తలెత్తకుండా. "ఇంకా పోలేదు."

భవిత చెప్పాలని వచ్చిన మాట చెప్పేసింది. "నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి బాబాయ్."

"చేస్తాంలేమ్మా. ముందు నీ గది చూసుకో."

గోడలకు సున్నం ఇంకా ఆరలేదు. కిటికీలోంచి మునగచెట్టు కనిపిస్తోంది. బాగుందనీ అనిపించలేదు, బాలేదనీ అనిపించలేదు. బయటికొస్తుంటే పక్కనే ఇంకో తలుపు, ఆమె నడుమెత్తు కూడా లేదు. వంగి తోసింది. పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకోలేనంత చిన్న గది. పైన ఉయ్యాల కొక్కెం.

"ఇదెవరిది పిన్నీ?"

అబిదా వచ్చి తొంగి చూసింది. "పొద్దున లేదే ఇది! షాహీన్ అప్పుడు కూడా ఇట్టాగే, ఇంతే వచ్చింది." కాసేపు భవిత మొహంలోకి చూసింది. "నెల తప్పిందా అమ్మాయ్?"

భవిత గుర్తు చేసుకోబోయింది. హర్ష పోయాక తన ఒంటి సంగతి తను పట్టించుకున్నదే లేదు. గోడకు చెయ్యి ఆనించింది. తడి సున్నం అరచేతికి చల్లగా తగిలింది. ఆ చల్లదనం భుజం దాకా పాకింది. ఆ చిన్న గుమ్మంలోనే కూర్చుంది.

ఫోను మోగింది. ప్రవీణ్.

"ఏందే, ఏమంటన్నారు? మనుషుల్ని పంపమంటావా?"

"వద్దన్నా. వాళ్ళు ఇక్కడే ఉంటారు. నేనే వస్తున్నా ఈ ఇంటికి."

అవతల ప్రవీణ్ ఏదో అరుస్తున్నాడు. ఆమె ఫోను పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పిన్నీ, ఆకలేస్తంది," అంది.