నేల మీదే పైకి లేచిన విమానం

ఇవాళ నా మొదటి సోలో! ఇన్‌స్ట్రక్టర్ ఉండరు, నేనూ ఆకాశమూ అంతే. మారేడ్‌పల్లి నుంచి ఫ్లయింగ్ స్కూల్‌కి స్కూటీ మీద వచ్చానో తేలుతూ వచ్చానో కూడా గుర్తులేదు.

కాక్‌పిట్‌లో కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని డయల్స్ చూసుకుంటుంటే ఒకటి వింతగా కనిపించింది. విమానం ఎంత వేగంగా పైకి లేస్తోందో, కిందికి దిగుతోందో చెప్పే డయల్ అది. ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయనే లేదు, ముల్లు మాత్రం పైకి పోతున్నామంటోంది! పైన తెల్లమబ్బులు జరుగుతున్నాయి. ముల్లునీ మబ్బుల్నీ మార్చి మార్చి చూస్తుంటే నిజంగానే లేస్తున్నట్టుంది. అల్వాల్ డాబాలు, లాలాగూడ పట్టాలు కింద చిన్నవైపోతున్నట్టు...

"ఏందమ్మా క్యారల్, నిద్రవోయినవా?" రెక్క పక్కన మా ఇన్‌స్ట్రక్టర్ హెన్రీ సార్.

ముల్లు చూపించాను. ఆయన నవ్వలేదు. "నన్నడగకు. కెప్టెన్‌వు నువ్వే. పోతవా, ఆగుతవా?"

"పగటిపూట, ఆకాశం క్లియర్‌గ ఉంటే ఇది లేకున్నా పోవచ్చు సార్. కానీ ఇంజనీర్ చూసి, కనెక్షన్ తీసి, రికార్డుల రాసి, పనిచేయదని లేబుల్ పెట్టాలె."

తోటి స్టూడెంట్ హరికిషన్ టేపు ముక్కతో పరిగెత్తుకొచ్చాడు. "ఇంజనీర్ తిరుమలన్న ఇంకో విమానం కింద పండుకొని రిపేర్ చేస్తున్నడు. మబ్బు పడుతుంది, చూస్తలేవా? గీ టేపు అంటించి పో! ఆయన తర్వాత రాస్తడు తియ్!"

అంటించేశాను కూడా! ముల్లు మాయం. ఎంత హాయిగా ఉందో! చెయ్యి తాళంచెవి మీదికి వెళ్లింది, అక్కడే ఆగిపోయింది. టేపు పీకేశాను.

"ఒక్క డయలే పాడైందా, లోపలి గాలిపైపే పాడైందా? అదే పైపు ఎత్తు చెప్పేదానికి, వేగం చెప్పేదానికి సుత పోతది. టేపుకేం తెలుస్తది హరీ?"

"ఇగ నువ్వు సోలో పోయినట్టే!"

తిరుమలన్న వచ్చి అంతా విప్పి చూశాడు. రాయాల్సింది రాసి, లేబుల్ అంటించాడు. "పైపు మంచిగుంది బిడ్డా, డయలే పోయింది. ఇగ పో!"

అప్పటికే అల్వాల్ వైపంతా బూడిదరంగు. అద్దం మీద మొదటి చినుకు పడింది.

"పోను అన్నా. ఆకాశం క్లియర్‌గ లేదు."

తాళంచెవి తీసేశాను. హెన్రీ సార్ తలుపు దగ్గరికి వచ్చారు.

"చాయ్ తాగుదాం రా తల్లీ."

"జెర కూసుంట సార్."

ఆయన తలుపు మెల్లగా వేశారు. రన్‌వే, చెట్లు, షెడ్డు ఒక్కొక్కటే వానలో కరిగిపోయాయి. నేను హెడ్‌సెట్ తీయలేదు.