ముసుగు తీసిన రోజు

మూగక్క కుడిచేతికి పక్షి తల తొడుక్కుంది. గుడ్డతో కుట్టి, లోపల దూది కూరి, కొసన చెక్కముక్కు బిగించిన తొడుగు అది. లోపల వేళ్లు కదిపితే ముక్కు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఒంటి మీద భుజాల నుంచి మోకాళ్ల కింది దాకా వేలాడే బూడిదరంగు అంగీ, ముఖానికి అదే గుడ్డతో ముసుగు, కళ్ల దగ్గర సన్నటి వల. ఇంత వేషమూ కట్టి, చిన్నచేపల బకెట్టు ఎడమచేత పట్టుకుని, తలుపు భుజంతో నెట్టి ఆవరణలోకి వెళ్లింది. మూడు సారసపిల్లలు మెడలెత్తి చూశాయి. పిల్లలన్నది మాటకే గాని, అప్పటికే ఆమె భుజం దాకా ఎదిగాయి.

ఈ పక్షుల పెంపక కేంద్రంలో మాట్లాడకూడదు. దగ్గకూడదు. తుమ్ము వస్తే ముక్కు నులుముకుంటూ బయటికి పరిగెత్తాలి. పక్షులకు పేర్లు పెట్టకూడదు. కాలికి తొడిగిన రింగు రంగే పేరు: ఎర్రది, పసుపుది, పచ్చది. మనిషి ముఖం ఎలా ఉంటుందో, గొంతు ఎలా ఉంటుందో తెలియకుండా పెంచి, వాటిని చిత్తడి నేలలోకి వదిలెయ్యాలి. తెలిస్తే మనిషిని నమ్ముతాయి. మనిషిని నమ్మిన పక్షి ఎన్నాళ్లు బతుకుతుంది? పోయినేడు వదిలిన వాటిలో ఒకటి తిన్నగా రోడ్డు పక్క హోటలు దగ్గరికి నడిచి వెళ్లింది. ఒకాయన రొట్టెముక్క పెట్టాడు. పిల్లలు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. పొద్దు వాలే వేళకు ఎవడో మహానుభావుడు గోనెసంచి పట్టుకొచ్చాడు. మర్నాడు హోటలు వెనక ఈకలు దొరికాయి.

అసలు ఈ దేశంలో ఈ పక్షికి జరిగే మర్యాద చూసి తీరాలి! తపాలా బిళ్ల మీద దాని బొమ్మ, టూరిజం బస్సు మీద దాని బొమ్మ, బడిపిల్లల పుస్తకం అట్ట మీద దాని బొమ్మ. చిత్తడిలో మాత్రం పక్షి లేదు. ఉన్నన్నాళ్లూ గుడ్లు ఎత్తుకొచ్చి వండుకున్నారు, నీళ్లు తోడేసి ప్లాట్లు వేసుకున్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నట్టు, ఇప్పుడు గుడ్లు పొదిగే పెట్టె కొని, మనిషికి తల్లిపక్షి వేషం కట్టి బతిమాలుకుంటున్నారు. గుడ్లు ఎత్తుకొచ్చిన వాళ్లలో మూగక్క తండ్రి కూడా ఒకడు. ఆమె చిత్తడి అంచునే పుట్టి పెరిగింది. ఆ గుడ్డు కోడిగుడ్డు కంటే కాస్త నీచువాసన వేస్తుందని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఇక్కడెవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూగక్క మూగది కాదు. నోరు కట్టేసుకునే అలవాటు పనిలోంచి ఇంటిదాకా వెంట వచ్చింది, అంతే. బస్సులో కండక్టరు ఆమెకు చేతిసైగలతో టికెట్టు ఇస్తాడు. పాపం మంచివాడు, సీటు కూడా ఇప్పిస్తాడు. తనకు మాటలొచ్చని ఇప్పుడు చెబితే బాగుండదని ఆమె కూడా సైగలతోనే నెట్టుకొస్తోంది. ఆమె అద్దెకుండేది దర్జీ వదిన ఇంటి వెనక గదిలో. ఆ వదిన మిషను తొక్కుతూనే ఊళ్లో సంగతులన్నీ ఏకరువు పెడుతుంది. "మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా వదినా?" అని దెప్పుతుంది. మూగక్క నవ్వేసి గదిలోకి పోతుంది. అక్కడ ఒక మంచం, ఒక స్టవ్వు, బట్టలు ఆరేసుకునే కుర్చీ. భర్త లారీ మీద వెళ్లి, వెళ్లిన చోటే ఇంకో సంసారం పెట్టుకుని చాలా ఏళ్లయింది. చెల్లెలు తన కూతురి పెళ్లికి పిలవడం మరిచిపోయింది. పెళ్లయ్యాక ఫొటో మాత్రం పంపింది. మూగక్కకు మాటలు లేక కాదు, చెప్పుకుందామంటే మనిషి లేక.

అక్కడే వచ్చింది తంటా అంతా.

పచ్చరింగుది అన్నిటికంటే చివర గుడ్డు పగలగొట్టుకుని వచ్చింది. అవి ముసురు రోజులు. చెక్కముక్కుతో ఎంత చూపించినా చేప ముట్టలేదు. మెడ వాల్చేసి మూల కూలబడింది. పక్షుల డాక్టరమ్మ మందు వేసి, ఇక దాని అదృష్టం అని లేచి వెళ్లిపోయింది. అందరూ వెళ్లాక మూగక్క దాని పక్కన కూర్చుంది. ముసుగు లోపల ఆమె నోరు దానంతటదే కదిలింది. "తిను నా తల్లీ. ఒక్కటి తిను. నా కోసం తిను."

పిల్ల మెడ ఎత్తింది. అటూ ఇటూ చూసి, చేప అందుకుని మింగింది.

ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. తన మాట విని ఒక ప్రాణి బతికింది! మర్నాడు కూడా మాట్లాడింది, అది తినడం కోసమే అనుకుంది. ఆ తర్వాత అది మామూలుగానే తింటున్నా మానలేకపోయింది. కండక్టరు సంగతి చెప్పింది, మోకాలి నొప్పి సంగతి చెప్పింది, చెల్లెలి కూతురి పెళ్లిచీర ఎంత బాగుందో చెప్పింది. పచ్చది ఒంటికాలి మీద నిలబడి, తల ఓరగా పెట్టి వినేది. పక్కదాని చేప లాక్కుంటే మూగక్క తిట్టేది కూడా. "దొంగముఖమా, నీకు ఆకలి ఒక్కదానికేనా?" అంటే అది ఇంకా దగ్గరికి జరిగి అంగీ అంచు ముక్కుతో లాగేది.

ఇక్కడ పక్షుల్ని వదిలేముందు ఒక పరీక్ష పెడతారు. కొత్తమనిషి మామూలు బట్టల్లో ఆవరణలోకి వెళ్లి, అరుస్తూ, కర్ర ఊపుతూ తరుముతాడు. పక్షి బెదిరి పారిపోవాలి. ఎర్రది, పసుపుది రెక్కలు కొట్టుకుంటూ అవతలి మూలకు పోయాయి. పచ్చది కూడా మనిషిని చూడగానే పరుగు పెట్టింది. తీరా అతను అరిచేసరికి ఆగింది. వెనక్కి తిరిగి, మెడ చాచి, వయ్యారంగా అతని దగ్గరికే నడిచి వచ్చింది. రెండోసారి పెట్టినా అదే వరస. ఇవాళ సాయంత్రం చిత్తడి వైపు గేటు తీస్తారు. ఈలోగా పచ్చది బెదరడం నేర్చుకోకపోతే జంతుప్రదర్శనశాల వ్యాను దాన్ని తీసుకుపోతుంది. ఇక జన్మంతా ఇనుప వల వెనకే.

ఈ ఉదయం మూగక్క పెదవులు బిగబట్టి మేత పెట్టింది. పచ్చది చేప మింగి, వెళ్లకుండా అక్కడే నిలబడింది. మాటల కోసం చూస్తోందని ఆమెకు తెలుసు. అంగీ అంచు లాగింది. ఇంకోసారి లాగింది. కంచే చేను మేసిందంటే ఇదే కదా అని మూగక్క లోలోపల కుమిలిపోయి, ఖాళీ బకెట్టుతో బయటికి వచ్చేసింది.

చేపల గదిలో డాక్టరమ్మ తలపట్టుకుని కూర్చుంది. వయసులో చిన్నది, రాత్రి సరిగా నిద్రపోయినట్టు లేదు.

"నాకేం అంతుపట్టడం లేదక్కా. మనిషి గొంతంటే దానికి భయం లేదు సరికదా, ఇష్టంగా ఉంది. గోడ ఇవతల ఈ బాబాయి పెట్టే కేకలే విని ఉంటుంది."

చేపలు కోసే బాబాయి కత్తి పక్కన పెట్టాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"నా నోరు పెద్దదే తల్లీ, కాదనను. మా ఇంటిదీ అదే అంటుంది. కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యండి. దాన్ని మాత్రం బోనులో పెట్టకండి."

"బాబాయి కాదండీ," అంది మూగక్క. "నేను."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మీరా? మీరు మాట్లాడారా?"

"తినలేదు కదండీ అప్పుడు. మాట్లాడితే తింది."

"ఆ ఒక్కరోజేనా?"

"కాదండీ. రోజూ."

"రోజూనా! ఏం మాట్లాడేవారక్కా?"

మూగక్క తల దించుకుంది. "ఏముంటాయండీ, నా గొడవలే."

డాక్టరమ్మకు ఒళ్లు మండింది. నెలల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేసిందని నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా వేళ్లు నలుపుకుంటూ నిలబడ్డ మనిషిని చూసి ఆ మాట మింగేసింది. లేచి కిటికీలోంచి ఆవరణ వైపు చూసింది.

"అయితే మీ గొంతే దాన్ని తరమాలి," అంది చివరికి. "ఇంకెవరు అరిచినా దానికి మీరే గుర్తొస్తున్నారు. ముసుగు తీసేసి, మీ బట్టలతో వెళ్లండి."

"నన్ను చూస్తుందా?"

"చూడాలి. చూసి భయపడాలి."

"అలాగేనండి. ఆ తర్వాత నన్ను ఇటు చేపల గదిలో వేసుకోండి. ఆవరణలోకి మళ్లీ పంపకండి."

అది డాక్టరమ్మ చెప్పవలసిన మాట. ఆమె తలూపింది.

మూగక్క కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది. అద్దం ముక్కలో చూసుకుంటూ జుట్టు దువ్వుకుంది. ఈ ముఖం ఒక్కసారి దానికి చూపించాలని ఎన్నిసార్లు అనుకుందో! చూడ్డానికి ఏముందిలే అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకుందో! బాబాయి అది చూసి, చేపల వైపు తిరిగిపోయాడు.

చీర కట్టులో, కాళ్లకు రబ్బరు చెప్పులతో, చేతిలో ఏమీ లేకుండా ఆమె ఆవరణలోకి అడుగుపెట్టింది. ఎర్రది, పసుపుది ఆ క్షణమే పరుగు పెట్టాయి. పచ్చది కూడా నాలుగంగలు వెనక్కి వేసింది. ముందు ఒక కంటితో, తర్వాత రెండో కంటితో ఈ కొత్త ముఖాన్ని చూసింది. దాని కళ్లలో బెదురు ఉంది. చాలు, ఇంతే చాలు దేవుడా అనుకుంది మూగక్క.

"పో!" అని అరిచింది.

పచ్చది ఆగిపోయింది. మెడ చాచింది. ఆ గొంతు గుర్తుపట్టి, రెక్కలు సగం విప్పి, పరుగున ఎదురొచ్చింది.

"పోవే! దొంగముఖమా, సిగ్గులేనిదానా, పో అవతలికి!" తిట్టిన కొద్దీ దగ్గరికి వచ్చింది. తిట్లు దానికి కొత్త కాదు కదా. వచ్చి, ఆమె కొంగు ముక్కుతో అందుకుని మెల్లిగా లాగింది. మూగక్క చెయ్యి దాని మెడ మీదికి వెళ్లబోయింది. వేళ్లు ఈకలకు తగలబోతుండగా, వలకు అవతల రోడ్డు మీద వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది.

ఆమె కొంగు గుంజుకుంది. వంగి, ఎడమకాలి చెప్పు తీసి, బలంకొద్దీ విసిరింది.

చెప్పు దాని వీపు మీద పడి జారింది. పచ్చది అరిచింది. అలా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు. గాల్లోకి ఎగిరి, తడబడి, వలకు కొట్టుకుని అవతలి మూల పడింది. "పో! నా కంట పడకు!" అని ఏడుస్తూ అరుస్తూ మూగక్క వెంటపడింది. ఈసారి గొంతు వినగానే అది వణికి, రెక్కలు టపటపలాడిస్తూ పారిపోయింది. ఆమె మళ్లీ అరిచింది, అది మళ్లీ పారిపోయింది. బయటనుంచి డాక్టరమ్మ చాలు అన్నట్టు చెయ్యి ఎత్తినా ఆమె ఆగలేదు. చాలో చాలదో ఆమెకే తెలియాలి.

సాయంత్రం చిత్తడి వైపు గేటు తీశారు. ఎర్రది, పసుపుది జంకుతూ జంకుతూ నీళ్లలోకి దిగాయి. పచ్చది వాటి వెనక నడిచి, రెల్లు మొదలయ్యే చోట నిలబడింది. వ్యాను డ్రైవరు బోను తలుపు తెరిచి పెట్టుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు.

"ఇంకొక్కటి మిగిలింది," అంది డాక్టరమ్మ, ఆమె ముఖం చూడకుండా. "తిట్టినప్పుడు పారిపోవడం కాదు. ముద్దుగా పిలిచినా రాకూడదు. ఎప్పుడూ ఎలా పిలిచేవారో అలాగే పిలవండి. ఉత్తుత్తిగా వద్దక్కా, నిజంగా పిలవండి."

మూగక్క వల పట్టుకుని నిలబడింది. గొంతు సవరించుకుంది. దాన్ని మోసం చేయడం ఆమెకు చేతకాలేదు, నిజంగానే పిలిచింది.

"నా తల్లీ... రా అమ్మా. ఒక్కటి తిను. నా కోసం తిను."

పచ్చది తల తిప్పి చూసింది. రాకు, రాకు అని ఆమె గుండె కొట్టుకుంది. ఒక్కసారి వస్తే బాగుండునని కూడా కొట్టుకుంది. ఆ రెండూ అబద్ధం కావు.

పచ్చది వెనక్కి అడుగు వేసింది. నీళ్లు చిందేలా పరుగు తీసి లేచింది. రెల్లు మీదుగా, మిగతా రెండూ ఉన్న చోటు దాటి, ఇంకా దూరంగా వెళ్లిపోయింది. ఎంతసేపు చూసినా వెనక్కి రాలేదు.

"వెళ్లిందక్కా," అంది డాక్టరమ్మ.

"వెళ్లిందండీ."

డ్రైవరు ఖాళీ బోను తలుపు మూసి వ్యాను తిప్పుకుని పోయాడు. మూగక్క ఒంటిచెప్పుతో గేటు దాకా నడిచి, అదీ తీసి చేత్తో పట్టుకుంది. బాబాయి వెనకనుంచి కేకేశాడు. "రెండోది లోపలే ఉండిపోయింది కదమ్మా! తెచ్చుకోవా?"

"లోపలికి నేను పోకూడదు బాబాయ్," అని ఆమె రోడ్డు ఎక్కింది.

బాబాయి తెచ్చిద్దామని ఆవరణ దాకా వెళ్లాడు గాని, ఎందుకో ముట్టుకోకుండా గడియ వేసి వచ్చేశాడు. బొటనవేలు ఆనే చోట అరిగి గుంటపడ్డ ఆ రబ్బరు చెప్పు బురదలో పడి ఉంది.